లచ్చిరాం బండి బోల్తా కొట్టించలేదు

భూపాలపల్లి గని వర్క్‌షాప్‌లో నాకు వీడ్కోలు సభ పెట్టినప్పుడు మైకు ముందు ఒక మాట అన్నాను. "ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసుల నా చేతి అతుకు ఒక్కటి గూడ ఊడలే." అందరూ చప్పట్లు కొట్టారు. కొత్తగా చేరిన వెల్డర్లు ముందు వరుసలో కూర్చున్నారు. వాళ్ళు మిగతావాళ్ళకంటే గట్టిగా కొట్టారు.

ఆ మాట అబద్ధం. వర్క్‌షాప్ లోపల చేసినవి ఊడలేదేమో. జనగామ దగ్గర మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చేసింది ఒకటి ఊడింది. అది నిలబడదని నాకు ముందే తెలుసు. ఊడినప్పుడు బండిలో నేను లేను, లచ్చిరాం ఉన్నాడు. తప్పు లచ్చిరాందేనని చెప్పింది మాత్రం నేను. పద్నాలుగేళ్ళ పాటు ఆ మాటను అట్లాగే ఉండనిచ్చాను.

చూపు తగ్గి యాభై రెండేళ్ళకే ఉద్యోగం వదిలినవాణ్ణి. ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం నా అనుభవాలు రాయమని యూనియన్ వాళ్ళు అడిగారు. ఎక్కడెక్కడ పనిచేశానో, ఏ గ్రేడు ఎప్పుడొచ్చిందో రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఈ ఒక్క సంగతి రాస్తాను.

సాంబయ్య పద్ధతి

వెల్డింగ్ అంటే నిప్పురవ్వలు అనుకుని వస్తారు కొత్తవాళ్ళు. నేనూ అట్లాగే వచ్చాను. అసలు పని వేరే. మనం అతికిన ఇనుము మీద మనకు తెలియని మనిషి బరువు వేస్తాడు. ఆ మనిషి మనల్ని నమ్మాడని ఆయనకు కూడా తెలియదు.

నేను చేరినప్పుడు ఫోర్‌మన్ సాంబయ్య సార్. పొట్టి మనిషి, మాట గట్టిది. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ రూల్ పుస్తకంలోనూ లేదు గాని వర్క్‌షాప్ మొత్తం పాటించేది. అతుకు వేసినవాడే మొదటి బరువు కింద నిలబడాలి. కొక్కెం అతికితే దాని కింద, కుర్చీ అతికితే దాని మీద.

రెండో ఏడు, గనిలోకి మనుషుల్ని తీసుకుపోయే వేలాడే కుర్చీకి కొక్కెం పట్టీ అతికాను. చేప పొలుసుల్లాగా వరసగా, చూడముచ్చటగా వచ్చింది. సాంబయ్య సార్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు.

"మస్తుగున్నది. కూసో."

"నేనా సార్?"

"మరి మీ నాయిన్ని పిలుస్తవా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కుర్చీ వైపు ఒకడుగు వేసి ఆగాను. "సార్, ఒక అరగంట టైమియ్యండ్రి," అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. నేను ఆ అతుకును కోసేసి మళ్ళీ వేశాను. కోసినప్పుడు లోపల చూస్తే ఇనుము సగమే కలిసింది. రెండోసారి వేశాక ఎక్కి కూర్చున్నాను.

దిగాక సాంబయ్య సార్ అన్నాడు. "గా అరగంట అడిగినవు జూడు, గదే నీ ఉద్యోగం. మిగిలిందంత కరెంటు చేస్తది."

ఆయన తర్వాత వచ్చిన ఇంజనీరు వేరే రకం. ఏదైనా విరిగిందని కబురు వస్తే ఆయన మొదటి ప్రశ్న, "డ్రైవరెవరు?" విరిగిన ముక్కను చూడకముందే తప్పు ఎవరి మెడకు చుట్టాలో ఆయనకు తెలిసిపోయేది. చివరికి ఎవరి చేతిలో విరిగితే వాడిదే తప్పు. ఆయనంటే నాకు అసహ్యం. కాని ఆయన దగ్గర కూడా నేర్చుకున్నాను. అవసరం వచ్చినప్పుడు సాంబయ్య సార్ చెప్పింది మర్చిపోయి ఆయన చేసిందే చేశాను.

రాళ్ళెక్కే బండి

లచ్చిరాంది పెద్దవంగర దగ్గరి తండా. కొన్నాళ్ళు మా వర్క్‌షాప్‌కు సామాను తెచ్చే కాంట్రాక్టు జీపు నడిపాడు. కాంట్రాక్టు అయిపోయాక యాకయ్య అనే ఆయన జీపు మీద పెద్దవంగర అడ్డా నుంచి మనుషుల్ని తిప్పేవాడు. వాగులో, గుట్టమీద, దున్నిన చెలకలో, ఎక్కడైనా బండి అతని మాట వినేది. చక్రం ఎక్కడ ఉందో ఒంటికి తెలుస్తుంది అనేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అన్న అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి.

జనగామ చుట్టుపక్కల గుట్టల మీదికి హైదరాబాద్ నుంచి కొందరు ఆదివారాలు పెద్ద చక్రాల బండ్లేసుకుని వచ్చేవారు. రాళ్ళమీద బండ్లు ఎక్కించడం వాళ్ళ సరదా. ఒకసారి లచ్చిరాం దగ్గర నిలబడి చూస్తూ, ఎట్ల తిప్పాలో ఒకాయనకు చెప్పాడు. ఆయన బండి ఎక్కింది. వాళ్ళ పెద్దమనిషి, తెల్ల టోపీ ఆయన, లచ్చిరాంతో అన్నాడట. "నువ్వు సొంతంగా ఇట్లా రాళ్ళెక్కే బండి, బగ్గీ అంటాం, ఒకటి తెచ్చి ఆ నల్లబండ ఎక్కించు. మేం పెట్టబోయే ట్రైనింగ్ క్యాంపులో నిన్నే డ్రైవింగ్ నేర్పేవాడిగా పెట్టుకుంటాం."

లచ్చిరాం నేరుగా మా ఇంటికొచ్చాడు.

"అన్నా, నువ్వు చేస్తవా? నేను ఎక్కిస్త."

అప్పుడే ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. గనులు మూతపడ్డాయి. బస్సులు లేవు. నేను జనగామ ఇంటికొచ్చి ఉన్నాను. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. చేస్తానన్నాను.

ఇట్లాంటి బండికి వేగం అక్కర్లేదు. మనిషి నడక కంటే మెల్లగా పోవాలి. ఒక చక్రం బండరాయి మీద, ఇంకోటి గుంతలో ఉన్నా నాలుగూ నేలను పట్టుకోవాలి. రెండు పాత జీపులు కొన్నాం. ఒకదాని ఇంజను, రెండింటి ఇరుసులు. బండి ఇంకా మెల్లగా పాకాలని గేర్‌బాక్సులు రెండు ఒకదాని వెనక ఒకటి బిగించాం. ఒక చక్రం గాలిలో లేచినా రెండోది తిరగాలని ఇరుసు లోపలి పళ్ళను అతికి కట్టేశాం. చట్రానికి పైపులు. పైపులో ఇసుక కూరి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, ట్రాక్టర్ రిమ్ముకు ఆనించి వంచాం. బోల్తా పడినా మనిషి నలగకుండా తలపైన పంజరం కట్టాం. సీట్లు రెండు.

మా ఇంటామె సరోజన చాయ్ తెచ్చి పెట్టి అనేది. "సమ్మెల ఉన్నోళ్ళు ఇంటికాడ పండుకుంటరు. నువ్వు గీ ఇనుముతోని కాపురం పెట్టినవ్."

లచ్చిరాం నవ్వేవాడు. "వదినే, గిది బండి గాదు, మేక. రేపు గుట్టెక్కి ఆకు మేస్తది."

ఇరుసును చట్రానికి కలిపేవి నాలుగు పొడుగాటి కడ్డీలు, లింకులంటారు. ముందు ఇరుసు కింది లింకులు పట్టుకునే బ్రాకెట్లు రెండు. దళసరి పలకలు, ఇరుసుకు అతికి ఉంటాయి. బండి రాయిని తోసేటప్పుడు ఆ తోపు మొత్తం వాటిమీదే పడుతుంది. ఈ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

కరెంటు

జనగామ చౌరస్తా దీక్షా శిబిరంలో నన్ను గని కార్మికుడిగా మాట్లాడమన్నారు. "మేం బొగ్గు ఆపినం. ఇగ కరెంటు ఆగుతది. గప్పుడు ఢిల్లీకి సోయొస్తది," అన్నాను. ఈలలు వేశారు. నాలుగు రోజులకు కరెంటు నిజంగానే ఆగడం మొదలైంది. ఊళ్ళల్లో ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. షెడ్డులో చీకట్లో కూర్చున్న నన్ను చూసి సరోజన, "నువ్వే ఆపినవు గద, నువ్వే తెచ్చుకో," అంది. ఎవరి మీద కోప్పడాలి?

గనిలో పని చేసినవాడికి ఒక జబ్బు ఉంటుంది. వర్క్‌షాప్‌లో కరెంటు ఎప్పుడూ ఒక్క తీరుగా వస్తుంది. ఫలానా దళసరికి వెల్డింగ్ మెషిన్ మీట ఫలానా నంబరు మీద పెడితే రాడ్ కొనన ఆర్క్ మంట ఎట్లా పట్టుకుంటుందో చేతికి అలవాటు. పద్నాలుగేళ్ళు ఆ మీటను నమ్మినవాణ్ణి. ఊళ్ళో వెల్డింగ్ చేసుకునేవాడు అట్లా నమ్మడు. ముందు బల్బు చూస్తాడు. మా షెడ్డుకు పొలం మోటార్ల లైనే దిక్కు. కరెంటు రాగానే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, వోల్టేజీ కూలిపోతుంది.

ఆదివారం హైదరాబాద్ వాళ్ళు వస్తామన్నారు. శనివారానికి ఒక్క బ్రాకెట్ మిగిలింది, ముందు ఎడమ వైపుది. పొద్దున పదింటికి కరెంటొచ్చింది. ఎప్పటి నంబరు మీదే మీట పెట్టి రాడ్ ఆనించాను. అంటుకుపోయింది. పీకి మళ్ళీ ఆనించాను. మళ్ళీ అంటుకుంది. తలెత్తి చూస్తే బల్బులో తీగ ఎర్రగా మాత్రమే ఉంది. మీట చివరిదాకా తిప్పాను. ఆర్క్ నసుగుతూ పట్టుకుంది. ఇంకో గంటలో పోతుందని లైన్‌మన్ చెప్పి పోయాడు. నేను ఆగలేదు. చుట్టూ అతుకు వేసేశాను.

అతుకు మీద పెంకులాగా కట్టిన స్లాగ్ కొట్టి చూశాను. ఇనుము లోపలికి దిగలేదు. పలక మీద కారిన మైనంలాగా పైకి పేరుకుని ఉంది. సుత్తితో కొడితే ఖంగుమనాల్సింది దబ్బుమంది. కోసేసి మళ్ళీ వేద్దామని గ్రైండర్ తీసుకున్నాను. మీట నొక్కేలోపు కరెంటు పోయింది.

గ్రైండర్ చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే లచ్చిరాం ఎర్రరంగు డబ్బాతో వచ్చాడు.

"అయిందా అన్నా?"

"అయింది."

"గీ ఒక్కటేనా రంగెయ్యాల్సింది?"

"ఆ. గది గూడ వేసెయ్."

అతను కూర్చుని కుంచెతో రంగు వేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల్లో ఎప్పుడైనా ఆపొచ్చు. పెద్ద కష్టం కూడా కాదు, ఒక్క మాట. చేత్తో కోసే రంపం గోడకు వేలాడుతోంది. పెళ్ళి టెంట్ల వాళ్ళ దగ్గర జనరేటర్ అడిగితే ఇస్తారు. వచ్చే వారం ఎక్కిద్దామంటే హైదరాబాద్ వాళ్ళు కాదనరు. ఎందుకు చెప్పలేదో ఎన్నోసార్లు ఆలోచించాను. కరెంటు సరిగా లేక అతుకు చెడిందని చెప్పాలంటే, ఆ కరెంటు ఆపింది మేమేనని మైకులో అన్నవాణ్ణి నేనే. అది ఒకటి. రెండోది, ఊళ్ళో అందరూ గని వెల్డరని పిలిచే మనిషికి అతుకు కుదరలేదని ఒక జీపు డ్రైవర్ ముందు ఒప్పుకోవడం. పిల్లలూ, ఈ రెండూ కారణాలు కావు. బరువుకు ఇవేవీ తెలియవు. రంగు వేసిన తర్వాత అతుకు బాగున్నట్టే కనబడుతుంది. నాకు కూడా అట్లాగే కనబడింది. మిగతావి గట్టిగున్నాయి, ఇదొక్కటి ఏం చేస్తుందిలే అనుకున్నాను.

నల్లబండ

ఆదివారం బగ్గీని ట్రాక్టర్ ట్రాలీలో గుట్ట కిందికి తెచ్చాం. హైదరాబాద్ వాళ్ళు రాస్తారోకోలు దాటడానికి బండ్లకు జై తెలంగాణ జెండాలు కట్టుకుని వచ్చారు. వాళ్ళలో ఒకతను మా బండి చుట్టూ తిరిగి, సినిమాల్లో మా మాటను వెక్కిరించినట్టు సాగదీసి, "గిది ఎక్కుతాదా అన్నా?" అన్నాడు.

లచ్చిరాం తడుముకోలేదు. "ఎక్కినంక నీ బండికి కట్టిన జెండా ఇప్పి నీ చేతికిస్త. గప్పుడన్న తెల్వకుంటె మల్లడుగు." అతని పక్కవాళ్ళే నవ్వారు.

బెల్టు బిగించుకుంటూ అతను నా వైపు చూశాడు. సాంబయ్య సార్ కుర్చీ కథ అతనికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పుకోవడం నాకు ఇష్టం.

"అన్నా, మీ సాంబయ్య సార్ లెక్కన ముందుగాల నువ్వు కూసోవాలె గద."

"డ్రైవర్‌వు నువ్వు. నేనెట్ల ఎక్కిస్త?"

"పక్కసీటున్నదిగా. రా, ఇద్దరం పోదం."

"వద్దు. బరువెక్కువైతది."

అతను ఇంజను స్టార్టు చేశాడు.

మొదటి రాయి ఎక్కింది. రెండోది ఎక్కింది. కుడి ముందు చక్రం మనిషి ఎత్తు లేచినా వెనకవి నేలను వదల్లేదు. వెక్కిరించిన అతను కూడా చప్పట్లు కొట్టాడు. లచ్చిరాం సీట్లోంచి తల బయటపెట్టి చక్రాలను చూసుకుంటూ, బండితో ఏదో వాళ్ళ తండా భాషలో మాట్లాడుతూ పోనిస్తున్నాడు. అంత బాగా నడిపిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కాని నా కళ్ళు అతని మీద లేవు. పక్కనే నడుస్తూ ఆ బ్రాకెట్‌నే చూస్తున్నాను.

నల్లబండ అంచుకు ఎడమ ముందు చక్రం ఆనింది. ఇంజను గొంతు మారింది. చక్రం రాయిని నొక్కుతోంది, రాయి కదలదు. అప్పుడు బ్రాకెట్ మొదట్లో ఎర్రరంగు చిట్లింది. వెంట్రుకంత నల్లగీత కనబడింది.

ఆగమని అరవడానికి నాకు సమయం ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఒక ఊపిరి తీసుకునేంత సమయం ఉంది. నోరు తెరిచాను. అరిస్తే, ఎందుకు అరిచావు, నీకెట్లా తెలిసింది అంటారు. ఆ ఊపిరి అట్లాగే పోయింది.

ఖణేల్‌మని ఒకటే చప్పుడు. ఎడమ వైపు ఇరుసు వెనక్కి పోయి చక్రం చట్రానికి తగులుకుంది. స్టీరింగ్ లచ్చిరాం చేతుల్లోంచి గిర్రున తిరిగింది. బండి ఎడమ పక్కకు ఒరిగి, తలకిందులై, ఇంకో సగం పొర్లి బండల మధ్య ఆగింది. పంజరం తలను కాపాడింది. ఎడమ చేయి బయటికొచ్చి పైపుకు, రాయికి మధ్య నలిగింది.

దవాఖాన

హైదరాబాద్ వాళ్ళ జీపులోనే జనగామ దవాఖానకు తీసుకుపోయాం. దారిలో రోడ్డు మీద కూర్చున్న పోరగాళ్ళు రక్తం చూసి లేచి దారిచ్చారు. ముంజేయి రెండు చోట్ల విరిగిందన్నారు. కట్టు కట్టి పడుకోబెట్టారు. అతని భార్య కమిలి తండా నుంచి ఎవరి బండి మీదో వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

తెల్లటోపీ ఆయన నన్ను అడిగాడు. "ఏమైందండీ? వెల్డింగ్ వదిలేసిందా?"

నిజం చెప్పడానికి అది ఇంకో సందర్భం. నా పక్కన మంచం మీద లచ్చిరాం కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"లేదు సార్. స్టీరింగ్ ఒక్కసారే ఎక్కువ కొట్టిండు. ఇరుసు మెలికవడ్డది. గందుకే ఇరిగింది."

లచ్చిరాం కళ్ళు తెరిచాడు. నా మాట కాదంటాడని అనుకున్నాను. కాదనాలని కూడా అనుకున్నానేమో. అతను మెల్లగా అన్నాడు. "అన్న చెప్పింది నిజమే కావచ్చు. జర ఎక్కువ తిప్పినట్టున్న."

"కుర్రాడికి తొందర ఎక్కువ," అన్నాడు టోపీ ఆయన. క్యాంపు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నేను ఆ సాయంత్రమే గుట్టకు పోయి ఊడిన ముక్క చూశాను. పలక మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నీలిరంగు పొర ఇంకా అట్లాగే ఉంది. అంటే ఇనుము కరగనే లేదు. పని తెలిసిన ఎవరు చూసినా ఒక్క చూపులో చెప్తారు. కరెంటు లేదు, గ్రైండర్ లేదు. ఆకురాయి తీసుకుని ఆ నీలిరంగు పోయేదాకా చేత్తో రుద్దాను. భుజం పట్టేసింది. శనివారం అతుకు కోయడానికి రంపం అందుకోని చేయే, ఆదివారం దాన్ని దాచడానికి గంటసేపు రుద్దింది.

తర్వాత

సమ్మె ముగిసింది. తర్వాత రాష్ట్రం కూడా వచ్చింది. లచ్చిరాం చేయి కొంచెం వంకరగా అతుక్కుంది గాని బండి నడపడానికి అడ్డేమీ కాదు. కాని స్టీరింగ్ ఇచ్చేవాళ్ళు లేరు. యాకయ్య జీపు ఇంకొకరికి ఇచ్చాడు. "రాళ్ళ మీద బండి బోల్తా కొట్టిచ్చినోనికి జనాన్ని ఎట్ల ఇస్త?" అన్నాడట. ఆ మాట పెద్దవంగర దాటి తొర్రూరు దాకా పోయింది. డ్రైవర్‌కు లైసెన్సు ఒక కాగితం. అసలు లైసెన్సు అడ్డాలో నలుగురు అనుకునే మాట. నేను అన్న ఒక్క వాక్యంతో అది పోయింది. ఒక్క వాక్యంతో తిరిగి వచ్చేది కూడా.

చేయి కుదిరాక లచ్చిరాం సంచిలో పల్లికాయ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కింద కూర్చుని అన్నాడు. "అన్నా, నువ్వు అంత తిప్పలవడి జేసిన బండిని ఖరాబ్ జేసిన. మాఫ్ జెయ్యి."

నేనేం చేశానో తెలుసా? "పోనీ తమ్మీ, అయిందేదో అయింది," అన్నాను. క్షమించాను.

వర్క్‌షాప్‌లో ఆ తర్వాత నాకు జాగ్రత్త మనిషినని పేరొచ్చింది. దళసరి ఇనుము ముట్టుకునే ముందు బల్బు చూడమని, మొదటి బరువు పడేదాకా రంగు వేయొద్దని, దబ్బుమన్న అతుకును ఎవరడ్డమొచ్చినా కోసేయమని చెప్పేవాణ్ణి. సాంబయ్య పద్ధతిని పోనివ్వలేదు. "వేసినోడే ఎక్కాలె," అని కొత్తవాళ్ళను కుర్చీ మీద కూర్చోబెట్టేవాణ్ణి. వాళ్ళు ఎక్కేవాళ్ళు. నేర్పింది మంచిదే, పాటించండి. నేర్పినవాడి గురించి ఇప్పుడు తెలిసింది కాబట్టి దాన్ని వదిలేయకండి.

తప్పు చేసిన వెల్డర్ చెడ్డ వెల్డర్ కాడు. అతుకు చెడుతుంది, కోసి మళ్ళీ వేస్తాం. తెలిసి రంగు వేయించినవాడు మాత్రం ఆ పనికి పనికిరాడు. నేను ఇంకా పద్నాలుగేళ్ళు పని చేశాను. చేయకుండా ఉండాల్సింది.

పెద్దవంగర

వీడ్కోలు సభ చప్పట్లు అయిన మూడో రోజు జనగామలో బస్సెక్కి పెద్దవంగర పోయాను. అక్కణ్ణుంచి తండాకు ఆటో. లచ్చిరాం కల్లంలో మిరపకాయ ఏరుతున్నాడు. కూలి పని. కమిలి పక్కనే ఉంది. నన్ను చూసి లేచి, తువ్వాలతో మంచం దులిపాడు.

"రా అన్నా, రా. రిటైరయినవట గద. పార్టీకన్న పిలువకపోతివి."

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. పదింటి కరెంటు, దబ్బుమన్న చప్పుడు, అతను రంగు వేస్తుంటే చూస్తూ నిలబడటం, నల్లగీత, ఆకురాయి. ఏదీ వదల్లేదు. అతను చేతిలోని మిరపకాయ తొడిమ తుంచుతూ విన్నాడు. తిడతాడని చూస్తున్నాను. అతను అడిగింది వేరు.

"అయితే నేను స్టీరింగ్ ఎంత తిప్పిన అన్నా?"

"నువ్వు తిప్పలే. ఇరుసు పోయినంక అదే తిరిగింది."

"తిప్పలేనా?" అతని రెండు చేతులూ గాలిలో స్టీరింగ్ పట్టుకున్నట్టు లేచాయి. "ఎన్నిసార్లో పట్టి చూసుకున్న అన్నా గిట్ల. గింతనే తిప్పిన, గింతకే ఎట్ల వడ్డది అని. నాకు చేతనే గాదనుకున్న. ఇచ్చినా నడపొద్దనుకున్న."

మాఫ్ చెయ్యమని అడగబోతుంటే కమిలి అడ్డం వచ్చింది.

"గీడ అడుగకు. గీడ నేను, ఆయన, మిరపకాయలు. ఆయన పేరు గీడ పోలే, అడ్డాల పోయింది. ఆడికి నడువు."

"వద్దు తియ్ కమిలీ," అన్నాడు లచ్చిరాం.

"నువ్వూకో. పద్నాలుగేండ్లు ఊకున్నవు."

ముగ్గురం ఆమె పిలిచిన ఆటోలోనే పెద్దవంగర అడ్డాకు వచ్చాం. మధ్యాహ్నం. జీపులు, ఆటోలు నిండటానికి చూస్తున్నాయి. చాయ్ బండి దగ్గర డ్రైవర్లు, బెంచీ మీద ముసలి యాకయ్య. లచ్చిరాం దూరంగా, తల వంచుకుని నిలబడ్డాడు. కమిలి యాకయ్యకు ఎదురుగా పోయి, "బాపూ, గీయన ఒక మాట చెప్తడట, ఇను," అంది.

మైకు లేదు. మొదలుపెట్టాను. బండి చేసింది నేనని, అతుకు చెడిందని తెలిసి దాచానని, దవాఖానలో అబద్ధం చెప్పానని అన్నాను. ఒక డ్రైవర్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "థూ," అన్నాడు. యాకయ్య నన్ను కాదు, లచ్చిరాంను చూస్తున్నాడు.

"గట్టిగ జెప్పు," అంది కమిలి వెనక నుంచి. "జీపుల కూసున్నోళ్ళకు ఇనబడలే."

లచ్చిరాం వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, ఉన్నంత గొంతుతో అన్నాను. "తమ్మీ, నువ్వు బండిని బోల్తా కొట్టియ్యలే. నువ్వు మంచిగనే నడిపినవు. ఊడతదని తెలిసి నిన్ను ఎక్కిచ్చిన. ఆగుమని ఒర్రలే. నీ మీద అబద్ధం జెప్పి, నువ్వొచ్చి మాఫీ అడిగితే సిగ్గులేక ఇచ్చిన. తప్పంత నాది. నన్ను మాఫ్ జెయ్యి తమ్మీ."